సొరచేపల సంతానక్రమము

సముద్రతీర గ్రామములనుండి వచ్చు మన విద్యార్థులలో కొందరు ఈ దృశ్యమును చూచియే యుందురు. వలలో చిక్కిన ఆడసొరను ఒడ్డున కోయగా, దాని కడుపులో పూర్తి ఆకారము గల పిల్లలు కనబడును. చేప గ్రుడ్లు పెట్టును గదా, ఇది పిల్లల నెట్లు కనునని అడుగుట సహజము. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరముగా సొరలు, స్కేటులు, టేకులు అను మత్స్యముల సంతానక్రమమును గూర్చి కొంచెము వ్రాయ నెంచితిమి.

ఈ విషయము మన తీరమునకు క్రొత్తది కాదు. పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు విశాఖపట్టణమున సేకరించిన రెండువందల చేపలను బొమ్మలతో వర్ణించి 1803లో గ్రంథముగా ప్రకటించెను. జాలరులు పలికిన తెలుగు పేళ్లనే ఆయన వ్రాసికొనెను. వానిలో పాలసొర యొకటి. బాలింతకు పాలు పడునను నమ్మకముతో పెట్టు చేప యిదియే. తరువాత లక్నోలోని ఇసబెల్లా థోబర్న్ కళాశాలలో బోధించిన తిల్లయంపలం గారను విదుషీమణి, స్కోలియోడాన్ అను మన సముద్రపు చిన్న సొరను గూర్చి 1928లో ఒక పుస్తకము వ్రాసిరి.

గోదావరిలోని బొచ్చె లక్షలకొలది గ్రుడ్లను నీటిలో విడుచును. మగచేప శుక్రమును నీటిలోనే చల్లును. ఆ గ్రుడ్లలో అనేకము నశించును. సొరజాతిలో అట్లు గాదు. మగదాని పొట్టక్రింది రెక్కల లోపలి యంచున రెండు దండములు గలవు. వాని మూలమున శుక్రము ఆడదాని శరీరములోనికే చేరును.

శుక్రకణములు తయారగు విధము గూడ వింతయైనది. వృషణములో చిన్న గుండ్రని సంచులు అసంఖ్యాకముగా నుండును. ఒక్కొక్క సంచిలోని కణములన్నియు ఒకే తరగతి పిల్లలవలె కలసి పెరుగును. కొన్ని సొరలలో ఒక యంచున క్రొత్త సంచులు పుట్టుచుండ, పాతవి ఎదుటి యంచువైపు జరుగుచుండును. కావున వృషణమును అడ్డముగా కోసి సూక్ష్మదర్శినితో చూచినచో అన్ని తరగతులును వరుసగా కనబడును. అనేక జాతులలో మొదటి కణము నాలుగు మారులు విభజింపబడి 16 అగును. పిమ్మట మరి రెండు విభాగములతో 64 అగును. ఈ కడపటి విభాగములందు వంశలక్షణములను మోయు పదార్థము సగమగును. ఆ 64 కణములును ఒక పోషకకణమునకు తలలానించి కట్టగా నిలిచి, తోకలు పెంచుకొని, మరమేకువలె మెలిదిరిగిన తలలతో బయలుదేరును.

శుక్రము సిద్ధమగు కాలమును గ్రుడ్లు పండు కాలమును ఎల్లప్పుడు ఒకటి గాదు. అమెరికాలోని ఫ్లోరిడా తీరమున నుండు ఒక టేకు శరత్కాలము మొదలు వసంతము వరకు జోడుకట్టును; గ్రుడ్లు మాత్రము వసంతముననే పండును. పిల్లలు సుమారు నాలుగు మాసములు గర్భమున నుండి వేసవిలో పుట్టును. కొన్ని సొరలలో ఆడది తన శరీరములోని గ్రంథియందు శుక్రమును మాసములకొలది దాచుకొనును.

ఇక పిండపోషణము. స్కేటులు నాలుగు కొమ్ములు గల తోలుసంచివంటి పెంకులో గ్రుడ్డును పెట్టి సముద్రపు అడుగున విడుచును. కొన్ని సొరల పిల్లలు తల్లి కడుపుననే యుండి తమ పచ్చసొనతో పెరుగును. టేకులలో గర్భాశయపు గోడనుండి సన్నని పోగులు వెలువడి పాలవంటి రసమును స్రవించును. ఉడ్‌మేసన్, ఆల్కాక్ అను ప్రకృతిశాస్త్రజ్ఞులు ఒక టేకునందలి యీ పోగులను 1891లో వర్ణించిరి. స్కోలియోడాన్, పాలసొరలలోనైతే మనుష్యశిశువునకు వలెనే మాయయు బొడ్డుత్రాడును గలవు. ఇట్టి సొర యొకటి గలదని క్రీస్తుపూర్వము నాల్గవ శతాబ్దమున అరిస్టాటిల్ వ్రాసెను. 1842లో యోహానెస్ ముల్లర్ అను జర్మను పండితుడు అది నిజమని నిరూపించెను.

ఇంత పోషణవలన పిల్లలు బలముగా పుట్టును గాని సంఖ్య స్వల్పము, కాలము దీర్ఘము. పాలసొర ఒక ఈతకు సాధారణముగా ఎనిమిదింటికి మించి కనదు. చల్లని సముద్రములలో వీపున ముండ్లు గల ఒక చిన్న సొర సుమారు రెండు సంవత్సరములు గర్భము మోయును. కావున మితిమీరి పట్టినచో ఆ లోటు త్వరగా తీరదు. 1970 మొదలు మహాసముద్రములలోని సొరలు, టేకులు 71 శాతము తగ్గినవని శాస్త్రజ్ఞులు 2021లో ప్రకటించిరి. మన దేశమున తిమింగల సొరకు 2001లో చట్టరక్షణ కలిగెను.

సొరను పట్టి బ్రదుకు జాలరులను నిందించుట మా యుద్దేశము గాదు. ఈ చేపలు తరిగిపోయినచో ముందుగా నష్టపోవువారు వారే. ఒడ్డున కోసిన తల్లిసొర కడుపులో పిల్లలు కనబడినపుడు మన విద్యార్థులు వానిని లెక్కించి చూతురు గాక. రాబోవు సంవత్సరములలో మన వలలకు రావలసిన చేపలే అవి యని తమ యింటివారికిని చెప్పుదురు గాక.