గోడ దాటి వచ్చే కిటికీ

షికాగో దగ్గరి నేపర్‌విల్‌లోనో, న్యూజెర్సీ ఎడిసన్‌లోనో జనవరిలో తెలుగువాళ్ల ఇంటికి వెళితే కరివేపాకు కుండీ ఎక్కడుందో పెద్దగా వెతకనక్కర్లేదు. మంచుకు బయట బతకదు కాబట్టి ఎండ తగిలే కిటికీ దగ్గరికి చేరి ఉంటుంది. ఆ ఇంటికి బే విండో ఉంటే మొక్క పంట పండినట్టే. సంక్రాంతికి బొమ్మలకొలువునూ ఆ కిటికీ లోపలి అరుగు మీదే తీర్చేవాళ్లున్నారు.

పాత ఇల్లు కొన్నవాళ్లు వంటిల్లు బాగుచేయించాక ముందుగది కిటికీ మీద పడతారు. చదునుగా ఉన్నదాన్ని తీయించి బే గానీ బో గానీ పెట్టించాలనుకుంటారు. బేకి మూడు భాగాలు. నడిమిది తెరుచుకోని పెద్ద అద్దం. పక్కవి రెండూ సాధారణంగా 30 లేదా 45 డిగ్రీల కోణంలో గోడవైపు తిరిగి ఉంటాయి. గాలి వచ్చేది వాటి నుంచే. బోలో నాలుగు నుంచి ఆరు దాకా ఒకే కొలత కిటికీలు వంపుగా నిలబడతాయి. చట్రాలు ఎక్కువ కాబట్టి ఖర్చూ మామూలుగా దానికే ఎక్కువ.

శాన్ ఫ్రాన్సిస్కోలో 19వ శతాబ్దం చివర్లో కట్టిన విక్టోరియన్ ఇళ్లను చూస్తే ఈ కిటికీ అవసరం అర్థమవుతుంది. దాదాపు 25 అడుగుల వెడల్పు స్థలాల్లో ఒకదాన్నొకటి ఆనుకుని లేచిన ఇళ్లవి. పక్కగోడల నుంచి వెలుతురు రాదు. అందుకని వీధివైపు గోడను కాస్త ముందుకు తెచ్చి, మూడు వైపుల నుంచి వెలుగు రాబట్టుకున్నారు.

అమ్మడానికి వచ్చినవాళ్లు అద్దం గురించే చెబుతారు. అడగాల్సింది మాత్రం దాని కింద, పైన ఏముందని. బే విండో పెట్టించడమంటే గదిలో ఒక ముక్కను పునాది లేకుండా గోడ బయట నిలబెట్టడమే. ఆ బరువును పై దూలానికి బిగించిన ఉక్కు తీగలు మోయాలి, లేదా కిందినుంచి బ్రాకెట్లు మోయాలి. ఆ పని సరిగా జరగకపోతే కొన్నేళ్లకు ముందుభాగం వాలుతుంది. పక్క కిటికీలు గట్టిగా తోస్తేగాని పడవు. పైన గోడ దగ్గర సందు కనిపిస్తుంది. పాతదానికి ఈ లక్షణాలుంటే అద్దాలు మాత్రమే మార్పించడం డబ్బు దండగ.

అరుగు సంగతీ అంతే. చెక్క కింద ఇన్సులేషన్ లేకపోతే చలికాలంలో చెయ్యి పెట్టగానే జివ్వుమంటుంది. కుండీలో వేళ్లకూ ఆ చలే. రాత్రి కర్టెన్లు పూర్తిగా మూసేస్తే గది వేడి అద్దం దాకా చేరదు. అప్పుడు ఇడ్లీపాత్ర, కుక్కర్ల ఆవిరి అద్దం అంచున నీరుకట్టి చెక్కను నానబెడుతుంది. అరుగు కింద ఏం నింపుతారు, పైన చిన్న కప్పు వేస్తారా లేక చూరు కిందికే చేరుస్తారా, వాననీరు దిగకుండా రేకు ఎవరు వేస్తారు అన్నవన్నీ కొటేషన్‌లో రాయించుకోవాలి.

అద్దం ఎంపికలో ఊరిని బట్టి లెక్క మారుతుంది. 2023 అక్టోబరులో అమల్లోకి వచ్చిన ఎనర్జీ స్టార్ ప్రమాణాల ప్రకారం షికాగో లాంటి చలి ప్రాంతాల్లో, వేడి బయటికి పోయే వేగాన్ని చెప్పే యూ-ఫ్యాక్టర్ మామూలుగా 0.22 దాటకూడదు. డాలస్, హ్యూస్టన్‌లలో చూడాల్సింది ఎండ వేడిని ఎంత లోపలికి రానిస్తుందో చెప్పే అంకె, అది 0.23 దాటకూడదు. ఈ రెండు అంకెలూ కిటికీకి అంటించిన ఎన్‌ఎఫ్‌ఆర్‌సీ లేబుల్ మీద ఉంటాయి. కిటికీలకు 600 డాలర్ల దాకా దొరికిన ఫెడరల్ పన్ను రాయితీ మాత్రం 2025తో ముగిసింది. ఇంకా ఉందని ఎవరైనా ఊరిస్తే నమ్మొద్దు.

1978కి ముందు కట్టిన ఇళ్లలో పాత రంగులో సీసం ఉండొచ్చు. అలాంటి చోట ఈపీఏ ధ్రువీకరణ ఉన్న సంస్థతోనే పని చేయించాలి. పిల్లలెక్కి కూర్చునేంత కిందికి అద్దం దిగుతుంటే టెంపర్డ్ గ్లాస్ కావాలేమో స్థానిక కోడ్‌లో చూసుకోవాలి. వాస్తు పట్టింపు ఉన్నవాళ్లు ఆ లెక్కా ముందే తేల్చుకోవడం మంచిది. కొలతకు చేయించిన కిటికీని తిరిగి తీసుకోవడం అరుదు. హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) అనుమతి, ఊరి పర్మిట్ చేతికొచ్చాకే ఆర్డరు పెట్టాలి. ఇంటికొచ్చి ‘ఈ రేటు ఈ రాత్రికే’ అని సంతకం పెట్టించుకున్నా, అలాంటి అమ్మకాలను చాలావరకు మూడో పనిదినం అర్ధరాత్రి లోపు రద్దు చేసుకునే హక్కు ఫెడరల్ నిబంధన ఇస్తోంది.