మోకాలి శస్త్రవైద్యుని ఎన్నుకొనుట

పట్టుచీర కొనవలసి వచ్చినచో పది అంగళ్లు తిరుగుదుము. కుమార్తెకు వరుని వెదకునపుడు అతని విద్యను, గుణమును పదిమందిని విచారింతుము. కాని మోకాలికి శస్త్రము చేయు వైద్యుని మాత్రము పొరుగింటివారు చెప్పిరనియో, ఆసుపత్రి భవనము పెద్దదనియో ఎన్నుకొనుచున్నాము. ఇది తగునా?

ఎముక విరిగినపుడు ఆలోచనకు వ్యవధి యుండదు. వృద్ధురాలు జారిపడి తుంటియెముక విరిగినచో పసరుకట్లకై తిరుగక వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. అరిగిన మోకాళ్ల సంగతి వేరు. అది ఏండ్ల తరబడి ముదిరిన బాధ. విచారించుటకు కావలసినంత వ్యవధి కలదు.

మొదట చదువు చూడవలెను. ఎం.బి.బి.ఎస్. పిమ్మట ఎముకల వైద్యమున ఎం.ఎస్. గాని డి.ఎన్.బి. గాని యుండుట, రాష్ట్ర వైద్యమండలిలో పేరు నమోదగుట ముఖ్యము. అంతటితో చాలదు. ఈ శాస్త్రమున శాఖలు పెక్కు. వెన్నెముక చికిత్సలో ప్రసిద్ధుడైనవాడు మోకాలికిని తగినవాడను నిశ్చయము లేదు. కావున “మోకాలి కీలుమార్పిడి ఏడాదికి ఎన్ని చేయుదురు? నాకు స్వయముగా మీరే చేయుదురా?” అని అడుగుడు. ఇది అమర్యాద కాదు. తరచుగా చేయు చేతికి చిక్కులు తక్కువయని పరిశోధనలు తెలుపుచున్నవి.

పిదప “శస్త్రము లేకుండ కుదురునా?” అని అడుగవలెను. తొడకండరములకు వ్యాయామము, బరువు తగ్గుట, చేతికర్ర, మందులు ముందుగా ప్రయత్నింపదగినవి. ఎక్స్‌రేలో అరుగుదల హెచ్చుగా కనబడినను బాధ స్వల్పముగా నుండవచ్చును. నడకను, నిద్రను, ఇంటిపనిని ఆ నొప్పి ఎంత చెరచుచున్నదో విచారింపక, చిత్రము చూచినంతనే శస్త్రమునకు దినము నిర్ణయించు వైద్యుడు తారసిల్లినచో మరియొకరి అభిప్రాయము తీసికొనుడు. మధుమేహమున్నచో దానిని ముందుగా అదుపునకు తెమ్మని చెప్పు వైద్యుడు మీ మేలు కోరువాడు. లేనిచో గాయము చీము పట్టు భయము హెచ్చు.

మన కాపురములకు సంబంధించిన ప్రశ్నలును కలవు. పీటపై కూర్చుండవచ్చునా? నేలమట్టపు మరుగుదొడ్డి పనికివచ్చునా? మెట్లెక్కుట ఎన్నడు? వీనికి ఓపికతో బదులు చెప్పనివాడు శస్త్రము తరువాత మాత్రము చెప్పునా? ఖర్చునుగూర్చి వ్రాతమూలముగా తెలిసికొనుడు. 2017 ఆగస్టులో కేంద్రప్రభుత్వము కృత్రిమపు మోకాలికీళ్ల ధరలకు పరిమితి విధించినది. ఆ పరిమితి కీలుకే గాని గది అద్దెకును, వైద్యుని రుసుమునకును, పిమ్మటి వ్యాయామచికిత్సకును కాదు. కావున ఒక్కొక్కదానిని వేరువేరుగా అడుగవలెను.

ఇంటిల్లిపాది జబ్బులకును పరుగెత్తు గృహిణి తన నొప్పిని మాత్రము “పిల్ల పెండ్లి కానిమ్ము” అని త్రోసివైచును. ఈలోగా కాలు వంగి, కండరములు కృశించి, చికిత్సాఫలము తగ్గును. కడకు వైద్యునియొద్దకు పోయినను, మాటలాడు పని మగవారికి విడిచి తాను తలుపుచాటున నిలుచును. నొప్పి ఎవరిదో మాటయు వారిదే కావలెను. ప్రశ్నలను కాగితముపై వ్రాసికొని పొండు, స్వయముగా అడుగుడు. విసుగు చెందక బదులు చెప్పిన వైద్యునికే మీ కాలిని అప్పగింపుడు.