రక్తదాహానికి హద్దు: దేవరగట్టు ఐతిహ్యం – ఫాంటసీ ఆటల్లో రక్తపిపాసి పాత్రల సమతౌల్యం

వ్యాససంగ్రహం:
ఫాంటసీ ఆటల్లో రక్తపిపాసి (వాంపైర్) పాత్రను తీర్చడంలో ప్రధానమైన చిక్కు రక్తావసరానికి పరిమితి నిర్ణయించడం. ఇదే చిక్కును కర్నూలు జిల్లా దేవరగట్టు ఐతిహ్యం మౌఖిక సంప్రదాయంలో పరిష్కరించింది. ఈ రెండింటిని పక్కపక్కన ఉంచి, రక్తదాహాన్ని కథ ఏయే నియమాలతో అదుపు చేస్తుందో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: దేవరగట్టు, బన్ని ఉత్సవం, పొలి, రక్తపిపాసి, ఆట రూపకల్పన, సమతౌల్యం.

1. ప్రవేశిక:
బ్రామ్ స్టోకర్ 'డ్రాకులా' (1897) నవల తర్వాత రక్తపిపాసి పాత్ర ప్రపంచ సాహిత్యంలోనూ, సినిమాలోనూ స్థిరపడింది. అక్కడినుంచి ఆటల్లోకి వచ్చింది. నవలలో ఆ పాత్రకు ఎంత రక్తం కావాలో రచయిత లెక్క చెప్పనక్కర్లేదు. ఆటలో ఆ లెక్క తప్పనిసరి. ఆటగాడే రక్తపిపాసి అయినప్పుడు ఎన్ని రాత్రులకు ఒకసారి తాగాలి, ఎంత తాగాలి, తాగకపోతే ఏమవుతుంది అన్నవి నియమాలుగా మారాలి. అవసరం మరీ తక్కువైతే ఆ పాత్ర అదనపు బలమున్న మనిషిగా మిగులుతుంది. మరీ ఎక్కువైతే ఆట మొత్తం ఆహారాన్వేషణగా కుదించుకుపోతుంది. ఈ రెండు కొసల మధ్య నిలపడమే సమతౌల్యం.

2. ఆటల్లో అనుసరించిన పద్ధతులు:
'వాంపైర్: ది మాస్కరేడ్' (1991) అనే పాత్రపోషణ ఆట రక్తాన్ని నిల్వగా భావించింది. పాత్ర ప్రతి రాత్రి మేల్కొనడానికి నిల్వలో ఒక వంతు ఖర్చవుతుంది. అతీత శక్తుల్లో అనేకం వాడినప్పుడు మరికొంత ఖర్చవుతుంది. ఇది ధాన్యపు గాదె వంటి లెక్క. గాదె నిండి ఉన్నంత కాలం పాత్రకు దిగులు లేదు. ఈ లోపాన్ని గుర్తించి, 2018లో వచ్చిన ఐదవ కూర్పు నిల్వకు బదులుగా ఆకలిని కొలిచింది. ఆకలి సున్నా నుంచి అయిదు వరకు ఉంటుంది. అది పెరిగేకొద్దీ పాచికల ఫలితంలో పశుప్రవృత్తి చొరబడే అవకాశం పెరుగుతుంది. ఒక మనిషిని పూర్తిగా చంపితే తప్ప ఆకలి సున్నాకు చేరదు. అంటే సంపూర్ణ తృప్తికి హత్యే వెల.

'స్కైరిమ్' (2011) మరొక దారి తొక్కింది. అందులో రక్తం తాగని కొద్దీ పాత్ర శక్తులు పెరుగుతాయి, ఎండకూ నిప్పుకూ తాళలేని బలహీనత కూడా పెరుగుతుంది. 'వాంపిర్' (2018) కథ 1918 నాటి లండన్‌లో, ఫ్లూ మహమ్మారి కాలంలో సాగుతుంది. కథానాయకుడు వైద్యుడు, రక్తపిపాసి కూడా. పౌరుల రక్తం తాగితే త్వరగా బలపడతాడు, కాని ఆ పేట ఆరోగ్యం క్షీణిస్తుంది. ఇక్కడ వెల వ్యక్తి నుంచి సమాజానికి మారింది.

3. దేవరగట్టు ఐతిహ్యం:
కర్నూలు జిల్లా హొళగుంద మండలం దేవరగట్టు కొండపై మాళమల్లేశ్వరస్వామి ఆలయం ఉంది. విజయదశమి రాత్రి ఇక్కడ బన్ని ఉత్సవం జరుగుతుంది. బన్ని అంటే కన్నడంలో జమ్మి. మణి, మల్లాసురులనే రాక్షసులు మునులను బాధించగా పార్వతీపరమేశ్వరులు వారిని సంహరించారని ఐతిహ్యం. చనిపోయే ముందు రాక్షసులు ఏటా నరబలి కోరారనీ, దానికి బదులుగా పిడికెడు మానవ రక్తం ఇచ్చేలా ఒప్పందం కుదిరిందనీ కథనం. అందుకే ఉత్సవంలో రక్షపడ వద్ద కంచాబీర వంశానికి చెందిన గొరవయ్య తన తొడ నుంచి పిడికెడు రక్తం సమర్పిస్తాడు.

ఈ కథలో ఆట రూపకర్త వెతికే నియమాలన్నీ ఉన్నాయి.
అ) పరిమాణం: ప్రాణానికి బదులు పిడికెడు.
ఆ) కాలం: ఏడాదికి ఒక్క రాత్రి.
ఇ) దాత: నిర్ణీత వంశీకుడు, తనంతట తానుగా ఇచ్చేవాడు.
ఈ) స్థలం: ఒకే చోటు.
ఉ) ఫలం: మాట నిలుపుకున్న ఊరికి రక్ష.
రాక్షసుల దాహాన్ని కథ కాదనలేదు, తీర్చివేయనూ లేదు. దానికి కొలత పెట్టింది.

4. ప్రత్యామ్నాయాల సంప్రదాయం:
కొలత తర్వాతి మెట్టు ప్రత్యామ్నాయం. పూర్వపు కడప జిల్లా లక్కిరెడ్డిపల్లె మండలంలోని అనంతపురం గంగమ్మ జాతర వంటి గ్రామదేవతల కొలువుల్లో జంతుబలి ఆచారం ప్రసిద్ధం. బలి రక్తం కలిపిన అన్నాన్ని పొలిమేరల్లో చల్లడాన్ని పొలి అంటారు. ఆ ఆచారం పక్కనే పసుపు, సున్నం కలిపిన ఎర్రనీళ్ళతో దిష్టి తీయడం, కుంకుమ నింపిన గుమ్మడికాయను పగలగొట్టడం కూడా ఉన్నాయి. ఇక్కడ రక్తం స్థానంలో రంగు నిలిచింది. ఆటలో ఈ సూత్రాన్ని వాడుకోవచ్చు: ప్రత్యామ్నాయం ఆకలిని తాత్కాలికంగా ఆపాలి, శక్తిని మాత్రం ఇవ్వకూడదు. శక్తి కూడా ఇస్తే అసలు రక్తంతో పనే ఉండదు.

5. ఒక లెక్క:
దాతలను చంపకుండా రక్తపిపాసి బతకాలంటే ఎంతమంది కావాలి? భారతదేశంలో రక్తదాన నిబంధనల ప్రకారం ఒకసారి 350 లేదా 450 మిల్లీలీటర్లు తీసుకుంటారు. పురుషుడు 90 రోజుల తర్వాతే మళ్ళీ ఇవ్వాలి. స్త్రీకి ఆ వ్యవధి 120 రోజులు. ఒక దానం ఒక రాత్రికి సరిపోతుందనుకుంటే, రోజూ తాగే పాత్రకు 90 మంది పురుషులు కావాలి. వారానికి ఒకసారి తాగే పాత్రకు 13 మంది చాలు. మొదటిది ఒక ఊరిని పీల్చే పాత్ర, రెండవది ఒక బంధువర్గంతో ఒడంబడిక చేసుకునే పాత్ర. ఒక్క అంకె మారితే కథాస్వభావమే మారిపోతుంది. రూపకర్త ముందుగా తేల్చుకోవలసింది ఆ అంకెనే.

6. కొలతకు లొంగని రక్తం:
దేవరగట్టులో పిడికెడు రక్తానికి లెక్క ఉంది. కాని కొండ దిగే ఉత్సవమూర్తుల కోసం నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామస్థులు ఒకవైపు, ఇతర గ్రామాల వారు మరొకవైపు కర్రలతో తలపడినప్పుడు చిందే రక్తానికి లెక్క లేదు. ఉత్సవానికి ముందు పాలబాస చేసి పగలు లేవని ప్రమాణం చేస్తారు. అయినా ఏటా తలలు పగులుతూనే ఉన్నాయి. గాయాలకు భండారం పసుపు అద్దుకుంటారు. పోలీసు బందోబస్తు, వైద్యశిబిరం ఉత్సవంలో భాగమయ్యాయి. ఐతిహ్యం రాక్షసుల దాహానికి హద్దు గీసింది గాని, జనసమూహపు ఆవేశానికి గీయలేదు. ఆటల్లోనూ ఇదే జరుగుతుంది. రక్తపిపాసి తాగే రక్తాన్ని నియమబద్ధం చేసి, యుద్ధంలో చిందే రక్తాన్ని ఉచితంగా వదిలేస్తే సమతౌల్యం కాగితానికే పరిమితమవుతుంది.

7. ముగింపు:
సినిమాలు రాయలసీమను తరచుగా రక్తదాహపు నేలగా చిత్రించాయి. ఈ ప్రాంతం నేపథ్యంగా రక్తపిపాసుల ఆట రూపొందించేవారు ఆ మూసలోనే పడే ప్రమాదం ఉంది. దేవరగట్టు కథ అందుకు భిన్నమైన ఆధారాన్నిస్తుంది. అది నరబలిని పిడికెడుకు తగ్గించిన బేరసారాల కథ. పరిమాణం, కాలం, దాత, స్థలం, ఫలం అనే అయిదు నియమాలను, ప్రత్యామ్నాయ సూత్రాన్ని తెలుగు ఆటల రూపకర్తలు ఇక్కడినుంచి గ్రహించవచ్చు. జానపద విజ్ఞాన పరిశోధకులకు కూడా ఇందులో పని ఉంది. బలి ఐతిహ్యాల్లో ఏమి అర్పించారన్న ప్రశ్నతో పాటు, ఎంతతో ఆపారన్న ప్రశ్ననూ అడిగినప్పుడే ఆ కథల అంతరార్థం పూర్తిగా వెల్లడవుతుంది.