రెండు టిక్కీల తూకం 4045 కిలోలా?

సత్తెనపల్లి: మిర్చి కోతల వేళ ఇంటి లెక్కను తానే కంప్యూటరులో వేయాలని పైథాన్ నేర్చుకుంటున్న విద్యార్థి తెరపై ఆంగ్లంలో తప్పు సందేశం కనిపించగానే బెదిరి, రాసినదంతా చెరిపేస్తుంటాడు. ఆ అవసరం లేదు. సందేశంలోని చివరి వరుసను ముందుగా చదవాలి. తప్పు ఏ రకమైనదో అందులో ఉంటుంది. ఏ వరుసలో ఉందో దానికి పైన ఉంటుంది. 'సింటాక్స్ ఎర్రర్' అని వస్తే బ్రాకెటో, కోలనో జారిపోయిందేమో చూడాలి. అక్కడ కనిపించకుంటే పై వరుసలో వెతకాలి. పాత పుస్తకాలను చూసి 'ప్రింట్' తర్వాత బ్రాకెట్లు లేకుండా రాసినా ఇదే తప్పు వస్తుంది. 2008లో విడుదలైన పైథాన్ 3 నుంచి అవి తప్పనిసరి.

సందేశమే రాని తప్పుతోనే అసలు చిక్కు. రెండు టిక్కీల తూకం 40, 45 అని ఇచ్చి కూడమంటే 85కు బదులు 4045 అని చూపుతుంది. 'ఇన్‌పుట్' ద్వారా ఇచ్చిన దానిని పైథాన్ సంఖ్యగా కాక అక్షరాలుగా స్వీకరించి, పక్కపక్కన అతికించడమే ఇందుకు కారణం. కూడేముందు 'ఇంట్'తో సంఖ్యగా మార్చుకోవాలి. అయితే 40.5 అని ఇస్తే 'ఇంట్' దగ్గర 'వాల్యూ ఎర్రర్' వస్తుంది. కాటాపై అరకిలోలూ తూగుతాయి కనుక ఇక్కడ 'ఫ్లోట్' వాడటమే మేలు. రైతు సొమ్ముతో ముడిపడిన లెక్క కాబట్టి తొలి రెండు, మూడు తూకాలను కాగితంపై కూడి సరిచూసుకోవాలి.