రహీం సాబ్ 4-2-4: డిఫెండర్‌ను ముందుకు పంపి బంగారం తెచ్చిన లెక్క

గోదావరిఖని: 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమాతో సయ్యద్ అబ్దుల్ రహీం పేరు మళ్లీ అందరి నోళ్లలో నానింది. హైదరాబాద్‌లో బడి పంతులుగా పనిచేసిన ఈయన 1950 నుంచి 1963లో చనిపోయే దాకా భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్. 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో రెండు బంగారు పతకాలు ఆయన హయాంలోనే వచ్చాయి. సినిమాలో కన్నీళ్లు, చప్పట్లు చూశాం. మరి ఆయన జట్టును గ్రౌండ్‌లో ఎట్లా నిలబెట్టిండు?

10-1 దెబ్బతో మార్పు

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత్ యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది. అప్పటికి మన జట్టు వెనుక ఇద్దరే బ్యాక్‌లతో పాత పద్ధతిలో ఆడేది. యూరప్ జట్లు ఆ ఇద్దరి మధ్య నుంచి సులభంగా దూసుకొచ్చేవి. దాంతో రహీం వెనుక మూడో మనిషిని పెట్టిండు. నాలుగేళ్లకు, 1956 మెల్‌బోర్న్‌లో, భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీస్ చేరింది. నెవిల్ డిసౌజా ఆ మ్యాచ్‌లో హ్యాట్రిక్ కొట్టిండు. చివరికి మనది నాలుగో స్థానం.

4-2-4 అంటే ఏంటి?

గోల్‌కీపర్‌ను వదిలేస్తే మిగిలేది పది మంది. వెనుక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు. 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్ గెలిచింది ఈ పద్ధతితోనే. రహీం కూడా తన జట్టును ఇటే నడిపించిండు.

చూడ్డానికి ఇది పూర్తిగా దాడి చేసే పద్ధతి. అసలు కష్టం మధ్యలోనే ఉంది. ఎదుటి జట్టు మధ్యలో ముగ్గురిని పెడితే మన ఇద్దరికీ ఊపిరి ఆడదు. అందుకే బంతి పోయిందంటే వింగర్ వెనక్కి ఉరకాలి. బంతి దొరికితే ఫుల్‌బ్యాక్ ముందుకు రావాలి. బొగ్గుబాయిలో పనిచేసిన వాళ్లకు ఇది వెంటనే అర్థమవుతది. వెనుక కప్పుకు సపోర్టు పెట్టే టింబర్‌మెన్ లేకుంటే ముందున్న కోల్‌ఫిల్లర్ తట్ట ఎత్తలేడు.

రహీం దగ్గర దీనికి సరిపోయే ఆటగాళ్లున్నారు. కుడి వింగ్‌లో పీకే బెనర్జీ, లోపల చునీ గోస్వామి, ఎడమవైపు సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం. గోల్‌లో పీటర్ తంగరాజ్. డ్రిబ్లింగ్ చేయకూడదన్న నిబంధనతో రహీం ప్రత్యేకంగా పోటీలు పెట్టేవాడు. అట్లా ఆడితే పాస్ ఇవ్వక తప్పదు. బలహీనమైన కాలితోనే ఆడాలన్న పోటీలు కూడా పెట్టిండు. రెండు కాళ్లూ పనిచేస్తేనే ఆటగాడు ఎటువైపైనా ఆడగలడన్నది ఆయన లెక్క.

జకార్తాలో పాచిక

1962లో తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయ్‌లాండ్‌పై గెలిచినా డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. జపాన్‌తో మ్యాచ్‌కు ఆయన లేడు. సెమీస్‌లో రహీం ఆయనను వెనుక కాకుండా సెంటర్ ఫార్వర్డ్‌గా దింపిండు. దక్షిణ వియత్నాంపై 3-2 గెలుపులో చునీ రెండు, జర్నైల్ ఒకటి కొట్టారు.

ఇందులో కిటుకు ఏంటంటే, అంత బలమైన మనిషి ముందు నిలబడితే ఎదుటి డిఫెండర్లు ఆయనకే అతుక్కుపోతారు. అప్పుడు పీకే, చునీలకు ఖాళీ దొరుకుతది.

సెప్టెంబర్ 4న ఫైనల్. ప్రత్యర్థి మళ్లీ అదే కొరియా. స్టేడియమంతా భారత్‌కు వ్యతిరేకంగా అరుస్తోంది. 17వ నిమిషంలో పీకే, 20వ నిమిషంలో తలకు కట్టుతోనే ఉన్న జర్నైల్ గోల్స్ చేశారు. చివర్లో కొరియా ఒకటి కొట్టినా 2-1తో బంగారం మనదే.

ఆ తర్వాత?

క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఆ తర్వాత బంగారం రాలేదు, 1970లో కాంస్యమే దక్కింది. 4-2-4 బొమ్మ బోర్డు మీద ఎవరైనా గీస్తారు. రెండు కాళ్లతో ఆడే, బంతి పోగానే వెనక్కి ఉరికే పదిమందిని తయారు చేయడమే అసలు పని. మన సింగరేణి గ్రౌండ్లలో పొద్దున్నే బంతి తన్నే పిల్లలకు మొదట నేర్పాల్సింది కూడా ఇదే.