లావుగా ఉన్నవాళ్లను 'రోటండ్' అనొచ్చా? ఈ ఇంగ్లిష్ పదానికి మన 'రథం'తో చుట్టరికం ఉందని తెలుసా?

ఫ్రెండ్ ఫొటో కింద 'రౌండ్ ఫేస్, సో క్యూట్' అని కామెంట్ పెట్టాలనుకున్నారు. కాస్త స్టైల్‌గా ఉంటుందని డిక్షనరీ యాప్‌లో వెతికితే 'రోటండ్' అనే పదం కనిపించింది. అర్థం చూస్తే 'గుండ్రని' అనే ఉంది. మరి పెట్టేయొచ్చా? ఒక్క నిమిషం ఆగండి. మీరు మెచ్చుకుందామనుకున్నది అవతలివాళ్లకు వెక్కిరింతలా తగలొచ్చు. ఎందుకో చూద్దాం.

అసలు అర్థం ఏంటి?

రోటండ్ అంటే గుండ్రంగా ఉన్నది అనే. కానీ ఇప్పటి ఇంగ్లిష్‌లో ఈ మాట ఎక్కువగా వాడేది మనుషుల ఒంటి గురించే. పొట్ట ముందుకొచ్చి, ఒళ్లంతా గుండ్రంగా కనిపించేవాళ్లను ఇలా అంటారు. పలికేటప్పుడు 'టండ్' దగ్గర ఒత్తి పలకాలి.

మన భాషలో 'బొద్దుగా ఉన్నాడు' అంటే ముద్దుగా అన్నట్టు ఉంటుంది. ఇంగ్లిష్‌లో దానికి దగ్గరగా ఉండేది 'చబ్బీ'. 'ఒబీస్' డాక్టర్లు వాడే మాట. రోటండ్ ఈ రెండూ కాదు. మర్యాదగా వినిపిస్తుంది కానీ, లోపల చిన్న నవ్వు దాగి ఉంటుంది. అందుకే నవలల్లో, సరదా కథనాల్లో పాత్రలను వర్ణించడానికి ఎక్కువగా కనిపిస్తుంది.

ఎక్కడి నుంచి వచ్చింది?

లాటిన్‌లో 'రోటా' అంటే చక్రం. దాని నుంచి 'రొటుండుస్', అంటే చక్రంలా గుండ్రంగా ఉన్నది అనే మాట పుట్టింది. ఆ మాటే ఫ్రెంచ్ మీదుగా అరిగిపోయి ఇంగ్లిష్‌లో 'రౌండ్' అయింది. తర్వాత పండితులు నేరుగా లాటిన్ నుంచే మళ్లీ తెచ్చుకున్నది 'రోటండ్'. అంటే రెండూ అక్కాచెల్లెళ్లే!

అసలు విశేషం ఇక్కడే ఉంది. లాటిన్ 'రోటా', సంస్కృత 'రథ' ఒకే మూలం నుంచి వచ్చాయని భాషా శాస్త్రవేత్తలు చెబుతారు. సంస్కృతం నుంచి మన తెలుగులోకి వచ్చిన 'రథం' అలా రోటండ్‌కు దూరపు చుట్టం. ఇలాంటిదే ఇంకో జంట కూడా ఉంది. 'సైకిల్'కు మూలమైన గ్రీకు మాట, మన 'చక్రం' కూడా ఒకే కుటుంబం. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే తల్లి భాష నుంచి పుట్టి ఉండొచ్చని 1786లోనే కోల్‌కతాలో సర్ విలియం జోన్స్ చెప్పారు.

భవనాలకూ ఇదే పేరు

గోపురం ఉన్న గుండ్రటి కట్టడాన్ని 'రొటండా' అంటారు. రోమ్‌లోని పాంథియాన్ ఇందుకు పెద్ద ఉదాహరణ. దాదాపు 1900 ఏళ్ల కిందట కట్టిన ఈ గోపురం లోపలి వెడల్పు సుమారు 43 మీటర్లు. నేల నుంచి పైకప్పు మధ్యలోని రంధ్రం వరకు ఎత్తు కూడా దాదాపు అంతే. అంటే లోపల ఒక పెద్ద బంతి సరిగ్గా పట్టేస్తుందన్నమాట! వాషింగ్టన్‌లోని అమెరికా పార్లమెంట్ భవనం మధ్య హాలును కూడా రొటండా అనే పిలుస్తారు.

రొటేషన్, రోటరీ కూడా ఈ కుటుంబమే. 1905లో షికాగోలో మొదలైన రోటరీ క్లబ్‌కు ఆ పేరు ఎందుకో తెలుసా? మొదట్లో సభ్యులు వంతులవారీగా ఒక్కొక్కరి ఆఫీసులో కలిసేవారు మరి!

మరి ఎక్కడ వాడాలి?

గొంతు గంభీరంగా, నిండుగా ఉంటే 'రోటండ్ వాయిస్' అనొచ్చు. అది మెచ్చుకోలే. కుండ, గుమ్మడికాయ, గోపురం లాంటి వాటికి వాడినా తప్పు లేదు. ముఖానికైతే 'రౌండ్' చాలు. మనిషి ఒంటి గురించి మాత్రం, అందులోనూ క్లాసులో పిల్లల్ని, ఆఫీసులో తోటివాళ్లను ఉద్దేశించి వాడకపోవడమే మంచిది. మాట ఎంత క్లాస్‌గా ఉన్నా, బాడీ షేమింగ్ బాడీ షేమింగే కదా!