వార్తల్లో పదం: నెల్

పూర్తి పేరు నెవర్ ఎండింగ్ లాంగ్వేజ్ లెర్నర్. అంటే, చదువు ఆపని కంప్యూటర్ ప్రోగ్రామ్. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో టామ్ మిచెల్ బృందం 2010 జనవరిలో దీన్ని మొదలుపెట్టింది. పని ఒక్కటే: రాత్రీపగలూ వెబ్ పేజీలు చదివి, వాటిలోంచి నిజాలు ఏరుకోవడం.

దీనికి అక్షరాభ్యాసం చేయించిన తీరు ముచ్చటగా ఉంటుంది. నగరాలు, మొక్కలు, క్రీడాకారులు వంటి వర్గాలు ఇచ్చి, ఒక్కోదానికి కాసిని ఉదాహరణలు చూపించారు. ‘ఫలానా నగర మేయర్’ అన్న మాటలు కనబడితే ఆ ఫలానా ఒక ఊరని పోల్చుకునేది. ఆ కొత్త ఊరిపేరు పట్టుకుని మళ్లీ కొత్త వాక్యాల తీరు నేర్చుకునేది.

ఇక్కడే చిక్కు. ఒక తప్పు పది తప్పుల్ని కంటుంది. వెబ్‌సైట్లు మన కంప్యూటర్లో దాచే సమాచారపు తునకలైన ఇంటర్నెట్ ‘కుకీ’లను నెల్ తినే బిస్కెట్ల కోవలో వేసింది. జనం కుకీలను డిలీట్ చేస్తారు, ఫైళ్లనూ డిలీట్ చేస్తారు కాబట్టి కంప్యూటర్ ఫైళ్లూ బేకరీ సరుకులే అనుకుంది! మనిషైతే ఇంత పొరపాటు చేయడు. లోకం తెలుసు కనుక. అందుకే మొదటి ఆరు నెలలు దాని మానాన వదిలేసిన పరిశోధకులు, ఆ తర్వాత రెండు వారాలకోసారి ఒక్కో వర్గాన్నీ ఓ ఐదు నిమిషాలు సరిచూడసాగారు. ఈ పర్యవేక్షణే ఈ కథలో అసలు పాఠం.

2018 నాటికి నెల్ పోగుచేసిన విషయాలు 12 కోట్లు. ఒక్కోదాన్ని ఎంతవరకు నమ్మవచ్చో సూచించే అంకె కూడా పక్కనే రాసుకుంది.